నీళ్లు ముట్టని మూడు రోజులు

ఆ సాయంత్రం లంగా బొందు నడుముకు అందలేదు. అద్దంలో చూసుకుంటే ఐదో నెల కడుపులా ఉంది.

అంతకు రెండు రోజుల ముందు జగిత్యాలలో టెస్ట్‌ట్యూబ్ బేబీ ట్రీట్‌మెంట్ కోసం నాకు ఎగ్ పికప్ చేశారు, అంటే అండాలు బయటికి తీశారు. పెళ్లయి పదకొండేళ్లు, పిల్లల్లేరు. ఇంజెక్షన్లకు ఇరవై ఎనిమిది ఎగ్స్ వచ్చాయంటే దేవుని స్తుతించాను. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"ఇన్ని రావడం మంచిది కాదమ్మా. అండాశయాలు ఉబ్బి పొట్టలో నీరు చేరే ఓహెచ్ఎస్ఎస్ రిస్క్ ఉంది. ఇప్పుడు పిండాన్ని గర్భంలోకి ట్రాన్స్‌ఫర్ చెయ్యం, ఎంబ్రియోలు ఫ్రీజ్ చేస్తాం. నీళ్లు బాగా తాగు. పొట్ట ఉబ్బినా, యూరిన్ తగ్గినా వెంటనే ఫోన్ చెయ్యి."

మరునాడు సెలవు ముగిసి మా ఆయన దుబాయ్ వెళ్లారు. నేను మా ఊరు కోరుట్లలో చర్చి సంఘం ప్రకటించిన మూడు రోజుల ఉపవాసానికి కూర్చున్నాను, నీళ్లు కూడా ముట్టకుండా. ల్యాబ్‌లో ఉన్న ఎంబ్రియోల కోసం నేను చేయగలిగింది అదొక్కటే అనుకున్నాను. ట్రీట్‌మెంట్ సంగతి సంఘంలో ఎవరికీ తెలియదు.

డాక్టరమ్మకు ఉపవాసం అయ్యాక ఫోన్ చేద్దామనుకుని, ఉబ్బిన పొట్టతోనే ఆ సాయంత్రం ప్రార్థన కూడికకు వెళ్లాను. పాస్టరమ్మ చూసి చేయి పట్టుకుంది.

"ఏందే బిడ్డా, గింత దాసిపెట్టినవ్? ఎన్నో నెల?"

"కుచ్చిళ్లల్ల దాస్తె దాగుతదా?" అని పక్కనున్న అక్క నవ్వింది.

కాదని చెప్పాల్సింది. పాస్టరమ్మ నా పొట్ట మీద చేయి పెట్టి ప్రార్థిస్తుంటే తల వంచుకుని ఆ దీవెనంతా తీసుకున్నాను.

ఉపవాసం మూడో రోజు యూరిన్ రాలేదు. పడుకుంటే ఊపిరాడలేదు. "నీళ్లన్న తాగకపోతివా పొల్లా!" అంటూ అత్తమ్మ నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లింది. అక్కడినుంచి కరీంనగర్ ఐసీయూకు పంపారు. పొట్టలోంచి మూడు లీటర్ల ఫ్లూయిడ్ తీశారు.

"రక్తం చిక్కబడింది. నీళ్లెందుకు మానేశావమ్మా?" అని అక్కడి డాక్టరు అడిగారు. దేవుని కోసమే అనుకున్నాను. దేవుడు అడగలేదు కదా.

తొమ్మిది రోజులకు ఇల్లు చేరాను. తర్వాత మూడుసార్లు ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్ చేశారు. ఒక్కటీ నిలవలేదు. మళ్లీ ఆ ఇంజెక్షన్లకు నా ఒళ్లూ మనసూ ఒప్పుకోలేదు.

ఒక ఆదివారం సంఘం ముందు నిలబడి నిజం చెప్పాను. పాస్టరమ్మ ఏడ్చింది. "చెయ్యి పెట్టకముందు ఒక్క మాట అడగకపోతిని గదనే."

ఇప్పుడు ఉపవాసం ప్రకటించే ముందు ఆమె అడుగుతుంది, "మందులు వాడేటోళ్లు ఎవలన్న ఉన్నరా?" అని. ఉంటే నా పక్కన కూర్చోబెడుతుంది. నా దగ్గర చెంబుతో నీళ్లుంటాయి.

అక్కలారా, డాక్టరు చెప్పిన జాగ్రత్తలు చీటీ మీద రాసి, మీతో కలిసి ప్రార్థించే ఒక్కరికైనా ఇవ్వండి. నీళ్లు తాగి మోకరించినా ఆయన వింటాడు. నేను అడిగింది ఇవ్వలేదు. విన్నాడు.