మంచు తొవ్వ, మాడిన బల్బులు

కారు ముందు లైట్లకు కంపెనీ ఇచ్చిన బల్బులు పీకేసి తెల్ల ఎల్‌ఈడీలు వేసిన రోజునే నేను మా ఆయనతో పోట్లాడాను. ఆ పోట్లాట ఇప్పటికీ తెగలేదు. కారు ఆయనదే, నడిపేదీ ఆయనే, పెళ్ళిళ్ళకూ దవాఖానలకూ కిరాయికి తిప్పేదీ ఆయనే. కానీ రోజు విడిచి రోజు తెల్లవారకముందే ఆ కారు ముందు సీట్లో కూర్చుని సంగారెడ్డికి పోయేది నేను. నా కిడ్నీలు పనిచేయడం మానేశాయి. రక్తం శుభ్రం చేసే మిషన్ దగ్గర పొద్దున మొదటి వరుసలో నాకొక మంచం ఉంది. టైముకు చేరకపోతే ఆ మంచం ఇంకొకరికి పోతుంది. ఎవరినీ తప్పుపట్టలేను, బయట నాలాంటివాళ్ళే కూర్చుని ఉంటారు. మంచం పోతే ఒంట్లో చేరిన నీళ్ళు ఒంట్లోనే పెట్టుకుని మా నారాయణఖేడ్‌కు తిరిగి రావాలి. ఆ రాత్రి పడుకుంటే ఊపిరి ఆడదు.

ఇప్పుడు చెప్పండి, లైట్ల గురించి నేను కాకపోతే ఎవరు పోట్లాడాలి?

"చూడే, పగలు లెక్క ఉంది!" అన్నాడు మొదటిరోజు, ఇంటిముందు గోడ మీద లైటు కొట్టి. గోడ మీద పగల్లాగే ఉంది, కాదనను. గోడ మీదికి పోయేది లేదు కదా మేము! చలికాలం రాగానే తెలిసింది దాని బండారం. నిజాంపేట దగ్గర హైవే ఎక్కేదాకా రోడ్డుకు రెండు వైపులా చేన్లే, పొద్దున్నే మంచు వాటి మీంచి లేచి రోడ్డు మీద కూర్చుంటుంది. ఆ మంచులోకి ఈ తెల్ల లైటు కొడితే వెలుగంతా తిరిగి మా మొహాన్నే పడేది. ఎదుట సున్నం కొట్టిన గోడ నిలబెట్టినట్టుండేది. డిమ్‌లో పెడితే కనపడదు, ఫుల్‌లో పెడితే అసలే కనపడదు.

మంచు లేని రోజు ఎదుటివాళ్ళ ఖర్మ. కల్హేర్ వైపు నుంచి మోటారు సైకిల్ మీద వస్తున్న ఒకాయన మా కారుకు అడ్డంగా బండి ఆపి తిట్టిన తిట్లు నాకింకా గుర్తే.

"కండ్లు పోగొడ్తవా ఏందిర బై? నీ బండికి లైట్లు వెట్టినవా, మంట వెట్టినవా?"

మా ఆయన కిందికి దిగబోయాడు. "కూసో. ఆయన అన్నదాంట్ల తప్పేముంది?" అన్నాను.

పోనీ అంత డాబు చేసిన వస్తువు ఉంటుందా అంటే అదీ లేదు. ఆ బల్బు వెనకాల చిన్న ఫ్యానుంటుంది, వేడి తగ్గడానికట. మా రోడ్ల దుమ్ముకు ఆ ఫ్యాను పత్తి ఏరడం అయ్యేలోపే బిగుసుకుపోయింది. ఒక కన్ను ఆరిపోయింది, రెండోది ఆరుతూ వెలుగుతూ పెళ్ళి పందిట్లో సీరియల్ లైటులా తయారైంది. బుద్ధొచ్చిందేమో అనుకున్నాను. మళ్ళీ అవే తెచ్చి వేశాడు! పైగా బంపరు మీద ఒక పొడుగాటి లైటు పట్టీ కూడా బిగించుకొచ్చాడు. "ఇది కారా, క్రికెట్ గ్రౌండా?" అని అరిచి, అది విప్పేదాకా కారెక్కనని గడపలో కూర్చున్నాను. విప్పాడు.

పాత బల్బులు పెట్టమంటే ఎవరికో ఇచ్చేశాడట. ఇక లాభం లేదని నేనే బస్టాండు దగ్గరి దుకాణానికి పోయి, బంపరు కింద పెట్టే మామూలు పసుప్పచ్చ ఫాగ్ లైట్లు తీసుకున్నాను. గాజు బల్బులవి, ఫ్యానూ లేదు, షోకూ లేదు. మర్నాడు మంచులో అవి వేసుకుని పోతుంటే వెలుగు నేల మీద పరుచుకుని రోడ్డంచున తెల్లగీత కనిపించింది. ప్రాణం లేచొచ్చింది నాకు.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒకటి మాడిపోయింది. మార్చాం. ఇంకొకటి మాడిపోయింది. మార్చినది కూడా మాడిపోయింది. నేను దుకాణం ముందు నిలబడి బజారంతా వినేలా అడిగాను, డూప్లికేట్ మాల్ అంటగడుతున్నావా అని. "నీ మీద ఒట్టక్కా, అందరికీ గివే ఇస్తున్న, ఎవ్వలూ వాపస్ తెస్తలేరు," అన్నాడు దుకాణమాయన. నేను నమ్మలేదు. మా ఆయనకు తెల్ల బల్బులు అమ్మింది కూడా ఈయనే, ఈయన మాట నమ్ముతానా?

చెరకు తోలే రోజుల్లో ఒక పొద్దున, నిజాంపేట ఇంకా రాకముందే మాకున్న ఒక్క ఫాగ్ లైటూ ఆరిపోయింది. రెండోది అంతకుముందే పోయింది, మార్చడానికి ఆయనకు తీరిక దొరకలేదు. ఎదుట మళ్ళీ తెల్లగోడ. ఆ గోడలోంచి చెరకు గడలు పొడుచుకొచ్చాయి. వెనక లైటు లేదు, ఎర్రగుడ్డ లేదు, నడిరోడ్డు మీద ఆగిన ట్రాక్టరు! మా ఆయన బ్రేకు తొక్కిన తొక్కుడుకు నా తల అద్దానికి తగిలింది. గడల కొసలు మా బానెట్ మీద ఉన్నాయి.

కారు పక్కకు తీసి, ఆయన బంపరు కింద దూరి మాడిన బల్బు విప్పుతున్నాడు. నేను సీటు ముందరి పెట్టెలోంచి కొత్త బల్బు డబ్బా తీశాను. డబ్బా మీద ఒక బొమ్మ ఉంది. గాజును పట్టుకున్న చెయ్యి, దాని మీద అడ్డంగా గీత. గాజు ముట్టొద్దని చదువు రానివాడికి కూడా అర్థమవుతుంది. తెరిచి చూద్దును కదా, లోపలి బల్బు గాజు మీద పసుపు, దాని నడుమ కుంకుమ బొట్టు!

"ఇదేంది?"

"అమ్మ వెట్టింది," అన్నాడు కింది నుంచే. "కొత్త సామాను దేవుని కాడ పెట్టకుండ బండికెట్ల పెడ్తం?"

"అన్నిటికీ పెట్టిందా?"

"గాజువాటికి అన్నిటికీ. తెల్లవాటికి జాగలేకుండె, డబ్బ మీద పెట్టింది."

మాడిన బల్బు ఇటివ్వమన్నాను. గాజు ఒకచోట పొక్కి నల్లబడి ఉంది, సరిగ్గా బొట్టు పెట్టేచోట. అది మండినప్పుడల్లా ఆ మరక కింద గాజు కాలుతోందన్నమాట. నా ఒళ్ళు కూడా అలాగే కాలింది. కొత్తదాన్ని అడుగు పట్టుకుని కొంగుతో తుడిచి తుడిచి ఇచ్చాను. లైటు వెలిగింది. కానీ మేం చేరేసరికి నా మంచం మీద ఇంకొకావిడ పడుకుని ఉంది. సాయంత్రం దాకా కాచుకున్నా ఖాళీ కాలేదు, రేపు రమ్మన్నారు.

వాచిన కాళ్ళతో ఇంట్లో అడుగు పెట్టాను. మా అత్త చాట ముందేసుకుని కూర్చుంది. నా జబ్బు గురించి ఆ మనిషి ఏనాడూ ఒక్కమాట అడగలేదు. నాకు ఉప్పు లేని కూర వేరే వండుతుంది, గిన్నె దబ్బున ముందర పెట్టి పోతుంది. అంతే మా ఇద్దరి ముచ్చట.

"అత్తా, నీ బొట్టుకే బల్బులు కాలిపోతున్నయ్! ఇయ్యాల ట్రాక్టర్ కిందికి పోయి సచ్చేటోళ్ళం!"

"బొట్టుకు బల్బు కాలుతదా? నేనేమన్న విషం వెట్టిన్నా?" అని ఆమె నాకన్నా గట్టిగా లేచింది. నేను మాడిన బల్బు ఆమె ముందర పెట్టి పొక్కు చూపించాను. దాన్ని గోటితో గీకి చూసింది. గొంతు మాత్రం దించలేదు.

"మరి నన్నేం జెయ్యమంటవే? నువ్వు పోయిన కాడికెల్లి వచ్చేదాక నాకు ముద్ద దిగది. గా మిషిన్ ఏందో నాకు తెల్వది. దవాఖానల నాతోని ఏమైతది? గీ బల్బొక్కటే నా చేతికందింది, గందుకే పెట్టిన!"

కోపం దిగిందనుకుంటారేమో. ఇంకా ఎక్కింది. ఇన్నేళ్ళూ నాతో అనాల్సిన మాట గాజుముక్కతో చెప్పుకుంటుందా!

"మనిషిని నేనుండంగ బల్బుకు పెడ్తవా? పెడితే నాకు పెట్టు!"

మాటామాటా పెరిగి ఎవరి గదిలోకి వాళ్ళం పోయాం. గోడకు ఆనుకుని కూర్చునే రాత్రంతా గడిపాను.

మళ్ళీ కారెక్కబోతుంటే, చీకట్లోనే అత్త బయటికొచ్చింది. "ఇట్ల రా," అని గడ్డం పట్టుకుని, నొసట బొట్టు పెట్టింది. మెల్లగానేం కాదు, గోడకు మేకు దిగేసినట్టు నొక్కింది.

"జల్దీ నడువు. మొదటి వరుసల మంచం నీది. ఆలిస్యమైతే ఎవ్వలకన్న ఇస్తరు," అంది.

మంచం సంగతి నేనామెకు ఎప్పుడూ చెప్పలేదు. ఎవరిని అడిగిందో, ఎప్పటినుంచి తెలుసో! నిజాంపేట దాకా ఏడుస్తూనే ఉన్నాను. ఏమైందే అని మా ఆయన నా వైపు తిరిగితే, ముందు రోడ్డు చూసి నడుపు అని కసిరాను.