మస్తాన్ మామ రెండు బుడిపెలు

మొన్న పులివెందులలో మా మనవరాలి పెళ్లి. డీజే పాటకు నేను కూర్చున్న కుర్చీ కూడా అదిరిపోతోంది. ఎవరో మైకు అందుకోగానే డీజే అబ్బాయి మిక్సర్ మీద వేలు జరిపాడు. పాట అణిగి మాట పైకొచ్చింది. నాకు నవ్వాగలేదు. ఈ విద్య నాకు కొత్తా? ప్రొద్దుటూరులో మా పక్కింటి మస్తాన్ మామ దగ్గర ఏనాడో చూశాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఆయన పెళ్లిళ్లకూ సభలకూ మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు. ఆయన పెట్టెకు తిప్పే బుడిపెలు రెండు: ఒకటి మైకుకు, ఒకటి పాటల గ్రామఫోను ప్లేటుకు. "రెండూ పెంచినావనుకో, ఏదీ ఇనపడదు పాపా. ఒగటి లేస్తాంటే ఇంగోటి దిగల్ల," అనేవాడు. ఇంట్లో ఆయనా, అత్తా మాత్రం ఈ మాట పాటించేవాళ్లు కాదు. ఇద్దరివీ పెద్ద గొంతులే.

నాకేమో నత్తి. 'ప' దగ్గర పెదవులు అతుక్కుపోయేవి. అలాంటిదాన్ని జమ్మలమడుగులో టీచరుగా చేరాను. బడి వార్షికోత్సవానికి నన్నే స్వాగతం పలకమంది హెడ్మిస్ట్రెస్. "నలుగురి ముందు మాట్లాడలేనివాళ్లు పిల్లలకేం చెబుతారు?" అని కూడా అంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. సరేనన్నాను.

ఆ రోజు మైకుసెట్టు మామదే. "పెద్దలకు" అనబోయి "ప్... ప్..." దగ్గర ఆగిపోయాను. అంతే, సన్నాయి మోగింది! మామ ప్లేటు బుడిపె పెంచాడు. నేను ఊపిరి పీల్చుకోగానే తగ్గించాడు. మాట వచ్చేసింది. అతిథుల పేర్ల దగ్గర మళ్లీ మళ్లీ ఆగాను, మళ్లీ మళ్లీ సన్నాయి. "పేరుపేరుకూ మేళం పెట్టినారే, శానా బాగుండాదప్పా!" అని ముందు వరసలో ఒక పెద్దాయన మురిసిపోయాడు.

చివరగా "ప్రధానోపాధ్యాయురాలు" అనాలి. నోరు బిగుసుకుంది. మామ వైపు చూశాను. ఆయన చేతులు కట్టుకొని నన్నే చూస్తున్నాడు. సన్నాయి లేదు. చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, మాట తనంతట తానే వచ్చింది. ఎవరూ నవ్వలేదు. హెడ్మిస్ట్రెసే ముందుగా చప్పట్లు కొట్టింది.

"పాట ఎందుకెయ్యలేదు మామా? పానం పోయినంత పనాయ," అని కిందికి దిగి పోట్లాడాను.

"ప్లేటు అయిపాయ పాపా, నేనేం జేతు?" అని నవ్వాడు.

నిజంగా అయిపోయిందో, ఆయనే ముల్లు ఎత్తేశాడో నాకీనాటికీ తెలియదు. ఉద్యోగం మాత్రం నిలిచింది. ఆ తర్వాత నా తరగతిలో ఏ బిడ్డకు మాట అడ్డం పడినా నేను అందించలేదు. చేతులు కట్టుకొని కాచుకున్నాను.

మొన్న పెళ్లిలో నాకూ మైకిచ్చారు. "ప్..." దగ్గర ఇప్పటికీ అదే తంతు. డీజే అబ్బాయి జాలిపడి పాట పెంచబోయాడు.

"దాన్ని ముట్టాకప్పా," అన్నాను మైకులోనే. "ఉండు, వస్తాది."

వచ్చింది. "పిల్లాపాపలతో పదికాలాల పాటు చల్లంగుండండి!" ఒక్క దీవెనలో ఎన్ని 'ప'లో! ఒక్కటీ వదల్లేదు.