పుర్రె మీది కనకాంబరాలు

మా ముందుగదిలో నేను గీసిన బొమ్మ ఒకటి ఉంది. బల్ల మీద మనిషి పుర్రె, దాని చుట్టూ కనకాంబరాల మాల. చావును ఆనుకుని మళ్లీ చిగురించే బతుకు అని చూసినవాళ్లు మెచ్చుకుంటారు. చాలా ఏళ్లు నేనూ తలూపాను. మా బంధువులు మాత్రం ఆ బొమ్మను చూసినప్పుడల్లా అక్క మాట ఎత్తుతారు, పూలకు ఆశపడి పుర్రె మీది మాల దొంగిలించిందని. అది అబద్ధం.

యుద్ధం రోజులు. తిరుపతిలో ఉండేవాళ్లం. మొగుడు పోయాక అక్క మా ఇంటికి వచ్చేసింది. అమ్మ బజారులో అమ్మే పూలన్నీ అక్కే కట్టేది. చేత్తో తాకవచ్చు, తలలో పెట్టకూడదు. నేను రేణిగుంటలో ఒక కాంపౌండరును బతిమాలి పుర్రె తెచ్చుకున్నాను. గడప దాటనివ్వనంది అమ్మ. పెరటి కొట్టంలో పెట్టుకుని గీసేవాణ్ణి. రంగు సరిగ్గా పట్టుకోవాలని రోజూ కొత్త మాల అడిగితే అమ్మ కాదనలేదు.

ఒక పొద్దున మాల తెచ్చి అక్క పుర్రె ముందు నిలబడింది.

"ఇది ఆడదా, మగోడా?"

"ఎవురికి తెలుసక్కా."

"కనుక్కోరా. ఆడదై మొగుడు లేకుంటే పూలు పెట్టగూడదు గదా."

ఇద్దరం నవ్వుకున్నాం. పుర్రె మీద నిన్నటి మాల ఇంకా వాడలేదు.

"అది పారేస్తావు గదా, నాకియ్యి," అంది. ఇప్పుడు నవ్వడం లేదు.

"తీసుకో, ఈడ ఎవురు సూస్తారు," అని నేనే తీసి ఇచ్చాను. జడలో పెట్టుకుని, నీళ్ల తొట్టిలోకి వంగి చూసుకుంది.

అంతలో అమ్మ పేడ తట్టతో వచ్చింది.

"ఎవురిచ్చినారే?"

అక్క నా వైపు చూసింది. నేను కుంచె కడుక్కుంటూ, "నాకు తెలీదు," అన్నాను. బొమ్మను చిత్తూరు ప్రదర్శనకు పంపాలని ఉండింది. అమ్మ పుర్రెను బయట పారేస్తుందేమోనని భయం.

అమ్మ మాలను వెంట్రుకలతో సహా లాగేసింది. పీనుగ పూలు అంటు అని అక్కను బావి దగ్గర కూర్చోబెట్టి నెత్తిన చన్నీళ్లు పోసింది. ఆ వారంలోనే వడమాలపేటకు, అత్తగారింటికి పంపేసింది, అక్కడ గొడ్డుకన్నా హీనంగా చూస్తారని తెలిసీ. అక్క నాతో మాట్లాడకుండానే బండెక్కింది. మళ్లీ మా ఇంటికి రాలేదు.

అక్క వెళ్లిన మర్నాడు అమ్మ కొట్టంలోకి వచ్చింది, చేతిలో కొత్త మాలతో.

"అది లేదని నీ పని నిలపొద్దు నాయనా. ఇంకమీద నేను కడతాలే."

తీసుకుని పుర్రెకు చుట్టాను. బొమ్మలో ఉన్నది ఆ మాలే.