తాడు కొలతతో రాసిన అర్జీ

రాత నేర్చుకోవాలంటే బాగా చదువుకున్నవాళ్ల దగ్గరే నేర్చుకోవాలని పదిమందీ అంటారు. పదిహేనో ఏట ఆంజినమ్మ కూడా అదే నమ్మింది. బెళుగుప్పకు రెండు మైళ్ల అవతల ఉన్న ఆ కూలివాళ్ల వాడలో ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్ల ఆమె ఒక్కతే.

1957 వేసవిలో వాడంతటికీ ఉన్న ఒక్క బావి అడుగంటింది. శుక్రవారం తాసిల్దారు బెళుగుప్పలో మకాం చేస్తాడని, అర్జీ ఇస్తే బావి లోతు చేయించవచ్చునని కబురు వచ్చింది. అది తప్పితే మళ్లీ ఏడాదికే. అంతదాకా మూడు మైళ్ల దూరంలోని వాగు చెలమలే దిక్కు.

ఆంజినమ్మ గురువారం పొద్దున్నే కూర్చుని రెండు పుటలు రాసింది. ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో బడిలో చెప్పినట్టే మొదలుపెట్టింది. వరుణదేవుని కరుణాకటాక్షాల గురించి ఒక పుట నింపింది. బడిపంతులు రామదాసు చదివి భేష్ అన్నాడు.

అయితే ఆ వాడలో ఒక కట్టుబాటు ఉండేది. కాగితం ఎవరి పేరున పోతుందో వాళ్లందరికీ చదివి వినిపించనిదే వేలిముద్ర పడదు. బావిగట్టు మీద చేరిన ఆడవాళ్లకు ఆంజినమ్మ గొంతెత్తి చదివింది. చదవడం ముగిసినా ఎవరూ వేలు చాచలేదు.

"మొదట్లో ఏమని రాస్తివి? మళ్లా చెప్పు" అంది ఆమె అవ్వ మారెమ్మ.

"ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ తమరి క్షేమం కోరుతున్నాము."

"క్షేమంగా ఉంటే బాయి ఎందుకు తవ్విస్తాడు మే? సంతోషమని చెప్పి జీపెక్కి పోతాడు."

అందరూ పకపకా నవ్వారు. ఆంజినమ్మకు తల కొట్టేసినట్టయింది. "ఉత్తరమంటే అట్లే రాయాల అవ్వా. పంతులయ్యే భేషన్నాడు."

"పంతులు ఈడ నీళ్లు చేదినాడా? వానదేవుని గురించి అంత రాస్తివి, మన బాయి యాడుండాది దీంట్లో?"

అక్షరం ముక్క రాని మారెమ్మ లేచి చేంతాడు తెచ్చి మనవరాలి ఒళ్లో పడేసింది. నీళ్లు దిగినకొద్దీ ముక్కలు కట్టుకుంటూ వచ్చిన తాడు అది. ఆంజినమ్మ ఉక్రోషంతోనే దాన్ని మూరలు వేసి కొలిచింది. ఏ ముక్క ఎప్పుడు కట్టారో అడిగింది. తరువాత కొత్త కాగితం తీసుకుంది.

"ఉగాదికి పన్నెండు మూరల తాడు చాలింది. ఇప్పుడు ఇరవై ఆరు మూరలు కావాలి. నాలుగు చోట్ల ముక్కలు కట్టినాము. తెల్లవారి ఆరు కడవలు నిండితే ఆ పైన బురద వస్తుంది. మావి పద్దెనిమిది ఇళ్లు."

ఈసారి వినగానే మారెమ్మ బొటనవేలు చాచింది.

మరునాడు తాసిల్దారు అది చదివి, "ఆ తాడు తెచ్చినారా?" అని అడిగాడు. తెచ్చారు. బంట్రోతు చేత కొలిపించి, అర్జీ అంచున నాలుగు మాటలు రాసి సంతకం పెట్టాడు. పది రోజులకు బావిలోకి పలుగులు దిగాయి.

ఆ అర్జీని గొప్ప రచన అనలేము. ఆంజినమ్మ ఆ తరువాత కూడా రచయిత్రి కాలేదు. కానీ రాసే ముందు చూడాలని, చూసినదాన్ని కొలవాలని తనకు నేర్పింది అవ్వేనని ఆమె చివరిదాకా చెప్పుకునేది.

1963లో టీచరు ట్రైనింగు ముగిసేసరికి ఆమె ముందు రెండు కొలువులున్నాయి: ఒకటి గుత్తి ఊళ్లో, రెండోది బెళుగుప్ప దాపున ఒంటిపంతులు బడిలో. ఆమె రెండోది ఎంచుకుంది. పిల్లలు రాసినదాన్ని ముందు ఇంట్లో అమ్మకో అవ్వకో వినిపించి, వాళ్లు అడ్డుపడిన చోట తిరగరాసి తెమ్మనేది. ఆ తరువాతే తాను దిద్దేది.