మూడు మంగళవారాల తాళం

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాన్ని కొలవాలని చాలాసార్లు ప్రయత్నించాను. ఏదైనా సరే, గడులు గీసి అందులో పెడితే తప్ప నాకు అర్థం కాదు. ఇది మాత్రం ఏ గడిలోనూ ఇమడలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే చెప్పగలుగుతున్నాను. క్షమించమని అడగడం లేదు. మధ్యలో లేచి వెళ్లిపోకండి, అంతే.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాను. ఉద్యోగం దొరికేలోగా ఖాళీగా ఉండడమెందుకని ఆలేరు దగ్గర ఒక చిన్న సేవాసంస్థలో చేరాను. రిటైరైన ఉపాధ్యాయుడొకాయన, ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు కొందరు కలిసి నడిపేవారు. ఆయన్ని అందరం పెద్దసారు అనేవాళ్లం. పాత బియ్యం గోదాములో రెండు గదులు, అంతే సంస్థ. ఒక గదిలో కూలికి వెళ్లే తల్లుల పిల్లల్ని పగలంతా చూసుకుని గుడ్డు, జావ పెట్టేవారు. రెండో గదిలో కాళ్లూ చేతులూ సరిగా కదలని పిల్లలకు సునీత మేడం వ్యాయామం చేయించేది. ప్రతి శుక్రవారం వ్యాను ఊళ్లు తిరిగి ఆ పిల్లల్నీ తల్లుల్నీ తీసుకొచ్చి, మళ్లీ ఇళ్ల దగ్గర దింపేది. వ్యానులో పట్టేది కొందరే. బయట ఎదురుచూసేవాళ్లు ఎక్కువ. కాబట్టి ఒక జాబితా కావాలి.

జాబితా అంటే నేనే.

మేడం చేయించేది వారానికి ఒక్క పూట. మిగతా ఆరు రోజులూ తల్లే చేయించాలి. సరిగ్గా చేయిస్తోందా, బిడ్డ తింటోందా, ఆ తల్లి ఏమైనా తింటోందా, ఇంట్లో గొడవలున్నాయా అని వారానికోసారి ఇంటికి వెళ్లి చూసిరావడం మా పని. నేను చేరకముందు వాళ్లు ఇవన్నీ నోటుబుక్కులో రాసేవారు. ఒకరు రెండు పేజీలు, ఒకరు రెండు ముక్కలు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. ఫోనులో నింపే ఫారం ఒకటి తయారుచేశాను. ఇంటికి వెళ్లాక మూడింటిలో ఒకటి నొక్కాలి: కలిశాం, తాళం, ఊరు విడిచారు. వరుసగా మూడుసార్లు తాళం పడితే ఆ పేరు దానంతటదే జాబితాలోంచి పోతుంది. ఎదురుచూస్తున్న బిడ్డ పేరు పైకి వస్తుంది. ఎవరూ ఎవరి మొహం మీదా కాదని చెప్పనక్కర్లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పెద్దసారు ఒక్కటే అడిగాడు. "ఇంట్ల ఎవల్లేకపోతే మనం పక్కింటోల్లను అడుగుతం గదనయ్యా. నీ ఫోను అడుగుతదా?"

అడగదు సార్ అని నవ్వాను.

ఆయన తన పద్ధతి ఒకటి మాత్రం వదలనివ్వలేదు. పోలియో చుక్కలవాళ్లు గుమ్మం మీద గుర్తు పెట్టినట్టు, మేం వెళ్లిన ప్రతి ఇంటి గుమ్మం మీదా సుద్దతో తేదీ వేయాలి. ఇంట్లో ఎవరూ లేకపోయినా వేయాలి. మన కోసం ఎవరో వచ్చారని వాళ్లకు తెలియాలి కదా అనేవాడు. ఫోనులో తేదీ పడుతుంటే గుమ్మం మీద మళ్లీ ఎందుకని విసుక్కుంటూనే జేబులో సుద్దముక్క పెట్టుకునేవాణ్ని.

మంగళవారం నాకు తొమ్మిది ఇళ్లు. తొమ్మిదోది రేణుకక్కది. రాళ్లగుట్ట దాటి, చేలగట్ల వెంట చివరిదాకా పోవాలి. భర్త బోరుబండి మీద పనికి వెళితే నెలల తరబడి రాడు. ఇంట్లో రేణుకక్క, ఆమె అత్త, మూడున్నరేళ్ల శ్రావణి. పుట్టినప్పటినుంచీ శ్రావణి కాళ్లు బిగుసుకుని ఉండేవి. మా దగ్గరికి రావడం మొదలయ్యాక గోడ పట్టుకుని నిలబడడం నేర్చుకుంది. ఈ ఏడాది వదలకుండా చేయిస్తే పట్టుకోకుండా నడవొచ్చు అని మేడం అంది. మేడం ఊరికే అలాంటి మాటలు అనే మనిషి కాదు.

ఆ ఏడు వానలు ఎక్కువ. గుట్ట అవతల దారంతా బురద. మొదటి మంగళవారం ఎనిమిది ఇళ్లు అయ్యాక గుట్ట మలుపు దగ్గర బండి ఆపాను. ఫోను తీసి తాళం నొక్కాను.

ఎందుకు? దీనికి కారణాల జాబితా నా దగ్గర ఉంది. వాన. బండి టైరు అరిగిపోయింది. ఒంట్లో నలతగా ఉంది. ఎలాగూ కలుపుకు వెళ్లి ఉంటుంది. ఆరేళ్లలో వీటిని చాలాసార్లు వరుస మార్చి పేర్చుకున్నాను. మొదటిది సగం నిజం. తక్కినవన్నీ తర్వాత అల్లుకున్నవి. అసలు సంగతి చెప్పడానికే సిగ్గుగా ఉంది, అంత చిన్నది. తొమ్మిది ఇళ్లూ నింపితే నా ఫారం ఆకుపచ్చగా మారుతుంది. కలిశాం అని నొక్కినా మారుతుంది, తాళం అని నొక్కినా మారుతుంది. నాకు నాలుగు గంటలకల్లా అది ఆకుపచ్చగా మారాలి. అలా తయారుచేసిందీ నేనే.

రెండో మంగళవారం మలుపు దగ్గర బండి ఆపను కూడా ఆపలేదు. మూడోసారి నొక్కేటప్పుడు మూడు తాళాల నియమం గుర్తులేదని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. గుర్తుంది. నేను రాసిన నియమం నాకెందుకు గుర్తుండదు? గుర్తుండే నొక్కాను. తర్వాత సరిచేయవచ్చులే అనుకున్నాను.

ఆ శుక్రవారం వ్యాను వాళ్ల దగ్గర ఆగలేదు. మర్నాడు బిడ్డను చంకనేసుకుని రేణుకక్క గోదాముకు వచ్చింది.

"సారూ, నిన్న బండి మా కాడ ఆగలే. డ్రైవరన్న చూసుకుంటనే పోయిండు."

"జాబితల పేరు లేదక్కా. మూడు మంగళారాలు వచ్చిన, తాళమే ఉన్నది."

"తాళమా?" ఆమెకు నవ్వొచ్చింది. "మా ఇంటికి తాళమే లేదు సారూ. ఉన్నదేందని తాళమేస్తం, గొళ్లెం పెట్టి పోతం."

"అదే, తలుపు మూసి ఉన్నది. పిలిస్తే ఎవరూ పలకలే."

"నేను కలుపుకు పోయిన గని మా అత్త ఇంట్లనే ఉంటది గద." కాసేపు ఆలోచించింది. తర్వాత నాకు దారి ఆమే వేసింది. "ముసల్దానికి చెవులు ఇనరావు. నువ్వెంత పిలిచినా పలికుండది. మరి సుద్దగీత కనవడలే గుమ్మం మీద?"

"వానకు పోయుంటది."

"అవు. వాన ఒక్కతీరుగ కొట్టింది." బిడ్డను ఇంకో వైపు మార్చుకుంది. "పొల్ల మొన్న గోడ వదిలి రెండడుగులేసింది సారూ. జర చూడున్రి."

"కొత్త జాబిత ఆర్నెల్లకు వస్తదక్కా. అప్పటిదాంక మంగళారం మంగళారం ఇంటికాడ ఉండు. చూద్దాం."

నేను కూర్చున్న చోటినుంచి పెద్దసారు కుర్చీకి పన్నెండు అడుగులు. తర్వాత కొలిచాను. ఆ పన్నెండు అడుగులు వేసి, సార్, నేను వెళ్లలేదు అంటే అయిపోయేది. ఆయన కోప్పడేవాడు. వచ్చే శుక్రవారం వ్యానులో ఇంకో చోటు ఇరికించేవాడు. ఆయన అలాంటివాడే. మరి ఎందుకు లేవలేదు? ఆ చోటు ఇంకో బిడ్డకు దక్కింది కదా అనుకున్నాను. అది నిజమే. నిజమే కానీ దానితో నా అబద్ధానికేం సంబంధం?

ఆ ఆరు నెలలూ ఆ ఇల్లు నా ఫారంలో లేదు. లేని ఇంటికి వెళ్లనక్కర్లేదు. మంగళవారం ఎనిమిది ఇళ్లు, అన్నీ ఆకుపచ్చ.

కొత్త జాబితా కోసం మళ్లీ ఇళ్లు చూడాల్సిన రోజు వచ్చింది. అదీ మంగళవారమే. పత్తి ఏరే రోజులు, దారిలో ఊరు ఊరంతా చేలల్లోనే ఉంది. ఆ ఇంటి ముందు మాత్రం ముసలమ్మ గడప మీద కూర్చుని ఉంది. నా బండి ఇంకా గట్టు ఎక్కకముందే లోపలికి తిరిగి కేకేసింది. "రేణుకా, బండొస్తాంది."

బండి దిగాను. గుమ్మం పైన యూరియా సంచీని చీల్చి, మేకులు కొట్టి, చూరులా కట్టి ఉంది. దాని కింద గుమ్మం చెక్కను శుభ్రంగా కడిగి ఉంచారు. పక్కన గూట్లో కొత్త సుద్దముక్క.

రేణుకక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. మంగళవారాలు కూలికి పోవడం మానేశానంది. ఎప్పటినుంచి అంటే, నువ్వు చెప్పినప్పటినుంచే సారూ అంది. సంచీ ఎందుకంటే, ఈసారి వాన కొట్టినా గీత పోకుండా. సుద్ద బళ్లో అడిగి తెచ్చిందట, నేను మరిచిపోయి వస్తానేమోనని.

ముసలమ్మ నన్నే చూస్తూ ఉంది. "నాకు మాట ఇనరాదు గని బండి సప్పుడు ఇనొస్తది. అప్పుడు నువ్వు రాలే" అంది.

"ఊకో అత్తా. సారు అబద్ధమాడుతడా?" అంది రేణుకక్క. నాకు నీళ్లు తెచ్చి ఇచ్చింది.

తాగాను.

గుమ్మం మీద తేదీ వేశాను. నా చేతిరాత ఎప్పుడూ గీత తప్పదు. ఆ రోజూ తప్పలేదు.

ఆ శుక్రవారం వ్యాను మళ్లీ తీసుకొచ్చిన శ్రావణి మోకాళ్లను మేడం వంచి చూసింది. అవి మునుపటికన్నా బిగుసుకుపోయాయి. ఆరు నెలలూ రేణుకక్క ఒక్క పూట కూడా మానలేదు. గుర్తున్నదంతా చేయించింది. అందులో ఒకటి తప్పు పద్ధతిలో చేయించింది. ఎవరైనా వారానికోసారి వెళ్లి పక్కన కూర్చుని చూసి ఉంటే పది నిమిషాల్లో సరిదిద్దేవారు. ఇంటికి వెళ్లేది అందుకే. గుమ్మం మీద గీత గీయడానికి కాదు, ఫోనును ఆకుపచ్చగా మార్చడానికి అసలే కాదు.

ఇప్పుడు శ్రావణి బడికి వెళుతుంది. కాళ్లకు ఇనుప పట్టీలు, చేతిలో వాకరు. నేను వెళ్లి ఉన్నా ఇలాగే అయ్యేదేమో. మేడం కూడా ఖచ్చితంగా చెప్పలేకపోయింది. ఆ ఒక్క మాటను పట్టుకుని చాలా నెలలు వేలాడాను. ఇప్పుడు దాని మీదా విసుగు పుట్టింది. కాళ్ల సంగతి తేలకపోవచ్చు. రెండడుగులు వేసిన బిడ్డకు చేయూత ఆపింది ఎవరో తేలిపోయింది కదా?

ఇంకా వినండి. కొత్తగా చేరేవాళ్లకు శిక్షణ ఇచ్చేది ఇప్పుడు నేనే. తల్లుల సమావేశాల్లో రేణుకక్క లేచి నిలబడి అందరికీ చెబుతుంది. "నా తీరు చెయ్యకున్రి. మూడు వారాలు ఇంటికాడ లేక నా బిడ్డ జాగ నేనే పోగొట్టిన." నేను పక్కనే ఉంటాను. చేతిలో హాజరు పట్టిక ఉంటుంది. తల దించుకుని అందులో ఏదో రాస్తున్నట్టు ఉంటాను. ముసలమ్మ పోయిన ఏడు చనిపోయింది. పిలిస్తే పలకని మనిషనే పేరుతోనే పోయింది. ఆ రోజు గుమ్మం ముందున్న మా ముగ్గురిలో నిజం చెప్పింది ఆమె ఒక్కతే, ఆమె మాటే ఎవరూ నమ్మలేదు.

రేణుకక్కకు చెబుతానా? మీకు మాట ఇవ్వలేను. ఎన్నిసార్లు ఆ మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చానో, ఆ లెక్క మాత్రం నేను రాసుకోలేదు. ఇక్కడ చెప్పాక కొంచెం తేలికగా ఉంది. ఆ తేలికదనం నాకు దక్కాల్సింది కాదు, అందుకే దాని మీదా చిరాకుగా ఉంది.

పోయిన వారం ఆ పాత ఫారం తెరిచాను. కనీసం అక్కడైనా సరిచేద్దామనుకున్నాను. తాళం మీద నొక్కితే మళ్లీ ఆ మూడే వచ్చాయి: కలిశాం, తాళం, ఊరు విడిచారు. నాకు కావాల్సింది అందులో లేదు. పెట్టాలని నాకు అప్పుడు తోచలేదు. ఇంట్లోవాళ్లు చేయగల తప్పులన్నీ పెట్టాను, నేను చేయగలది ఒక్కటీ పెట్టలేదు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. తొమ్మిదో ఇల్లు. మూడు మంగళవారాలు. తలుపు తెరిచే ఉంది. నేను వెళ్లలేదు.