గట్టు వాలులో మెత్తటి చక్రాలు

మా డెల్టాలో నేలంతా బల్లపరుపు. లాంగ్‌బోర్డు, అంటే నిలబడి తోలే నాలుగు చక్రాల పొడుగు పలక, పిచ్చి పట్టిన నాలాంటిదానికి ఉన్నదల్లా గోదావరి గట్టు మీద నుంచి ఊళ్లోకి దిగే వాలు రోడ్డు ఒక్కటే. కంకర తేలిన ఆ రోడ్డు మీద నా పాత చక్రాలు పళ్లు కదిలిపోయేలా గడగడలాడేవి. చిన్నవి, గట్టివి, అంచులు గుండ్రంగా అరిగినవి. కానీ బోర్డు అడ్డం తిప్పితే చాలు, నాలుగూ పక్కకి జారి వేగం తగ్గించేసేవి. నాకు తెలిసిన బ్రేకు అదొక్కటే.

ఆ గడగడ భరించలేక కొత్తవి తెప్పించాను. పెద్దవి, రబ్బరులా మెత్తటి యూరేథేన్‌వి, అంచులు కోసినట్టు పదునుగా ఉన్నవి. రోడ్డు మీద పట్టు బాగుంటుందన్నారు. పట్టు ఎక్కువైతే జారవన్న ఇంగితం నాకుండొద్దూ! బిగించిన సాయంత్రమే గట్టెక్కాను.

దిగుతుంటే కంకర తెలియనే లేదు. చక్రాలు గతుకుల్ని మింగేస్తున్నాయి, వేగం పెరుగుతూనే ఉంది. సగం వాలు దిగాక చూశాను. కింద సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. వాటిని కాళ్లతో తిరగేస్తున్న ఒక పెద్దావిడ, చాలు చివరికొచ్చి ఖాళీగా ఉన్న సగంలోకి అడుగుపెట్టింది. బోర్డు అడ్డం తిప్పాను. జారలేదు. చక్రాలు రోడ్డుని కరుచుకుని నన్ను విసిరేయబోయాయి. చచ్చీచెడీ మళ్లీ తిన్నగా పెట్టుకున్నాను.

"తప్పుకోండమ్మా!" అని అరిచాను.

ఆవిడ తప్పుకోలేదు. రెండు చేతులూ చాపి, "వడ్ల మీదకి రాకమ్మా, వడ్ల మీదకి రాకు!" అంటూ అక్కడే నిలబడింది.

ఎదురుగా ఖాళీ సగమంతా ఆవిడ చాపిన చేతులు, పక్కన వడ్లు. తిప్పాల్సింది వడ్లలోకే. కానీ కాళ్లకి బూట్లున్నాయి. చెప్పుకాలితో ధాన్యం తొక్కితే వీపు చీరేసే ఇల్లు మాది. ఆ క్షణం నా కాలు నిజంగానే మొరాయించింది. ఇప్పటికీ ఒళ్లు జలదరించేది ఆ వేగం తలుచుకుని కాదు, ఆ తటపటాయింపు తలుచుకుని.

తిప్పాను. చక్రాలు వడ్లలో కూరుకుపోయాయి, నేను బోర్లా పడ్డాను. మోచేతులు చెక్కుకుపోయాయి.

ఆవిడ వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది. "ముందు బూట్లు తీసెయ్యమ్మా, ధాన్యం కదా."

నా చేతులు లేవలేదు. ఆవిడే లేసు పట్టుకుంది. ముడి ఎంతకీ ఊడలేదు. కంగారులో తప్పు కొస పట్టి లాగి, దాన్ని ఇంకా బిగించేసింది.

"పక్కకి జరగొచ్చు కదండీ," అన్నాను.

"అడ్డంగా నిలబడితే ఆగుతావనుకున్నానమ్మా. జరిగితే వడ్లు తొక్కేస్తావని," అంది తలెత్తకుండా.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నిలబడ్డ చోటికి జానెడు దూరంలో ఆగి ఉన్నాయి నా చక్రాలు. బూట్లు చేత్తో పట్టుకుని, వడ్లలోంచి ఉత్త కాళ్లతో బయటికి నడిచాను.