నాలుగు మూలల పసుపు

దసరా ఆయుధపూజ రోజున మా అన్నయ్య వర్క్‌షాపులో దేన్నీ వదిలేవాడు కాదు. లేత్ మిషన్, డ్రిల్లింగ్ మిషన్, వెల్డింగ్ సెట్టు, సుత్తులు, స్పానర్లు, షట్టర్ తాళం కప్ప, ఆఖరికి టీ గ్లాసుల స్టాండు, అన్నిటికీ పసుపు రాసి బొట్టు పెట్టేవాడు. ఒక ఏడాది బేరింగులు అమ్ముకోవడానికి గుంటూరు నుంచి వచ్చిన మనిషి కాసేపు కదలకుండా కూర్చుంటే అతని బట్టతలకి కూడా పెట్టేశాడు. ఈ బట్టతల సంగతి నేను కల్పించింది. మిగతాదంతా నిజం.

నిజమైన వాటిలో నా డిప్లొమా సర్టిఫికెట్టు ఒకటి. నేను బాపట్లలో పాలిటెక్నిక్ చదివి మెకానికల్ డిప్లొమా తెచ్చుకున్నాను. అన్నయ్య తొమ్మిదో తరగతిలో బడి మానేసి తెనాలిలో ఆయిల్ ఇంజన్లు, రైసు మిల్లు షాఫ్టులు బాగుచేసే పని చేతితో నేర్చుకున్నవాడు. నా సర్టిఫికెట్టు నాకంటే ఆయనకే ఎక్కువ పనికొచ్చింది. ఫ్రేము కట్టించి తన కుర్చీ వెనక గోడకి తగిలించాడు. కొత్త గిరాకీ వస్తే స్పానరుతో అటు చూపించి, ఇది డిప్లొమా ఉన్న షాపండి అనేవాడు. డిప్లొమా ఉన్న మనిషి ఆ ఫ్రేము కిందే గ్రీజు పూసుకుంటూ ఉండేవాడు. ముప్ఫై దాటాక కూడా నేను సినిమాకి వెళ్ళాలంటే అన్నయ్య మొహం చూడాలి.

దసరాకి ఆ ఫ్రేము దించి, వెనక అట్ట విప్పి, సర్టిఫికెట్టు బయటికి తీసి నాలుగు మూలలా పసుపు రాసేవాడు. అద్దం మీద పెడితే చాలదా అని నేనొకసారి అడిగాను. అద్దానికి పెడితే అద్దానికే చెందుతుందన్నాడు. నేను మళ్ళీ అడగలేదు. ఆ కాగితంతో నాకు అవసరం పడుతుందని ఎవరనుకున్నారు?

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చొక్కా జేబుల్లోకి వస్తున్న రోజుల్లో ఆ అవసరం పడింది. మస్కట్‌లో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ నెగ్గాను. రేపల్లెలో బట్టల కొట్టు పైన ఒక గదిలో ఏజెంటు ఉండేవాడు. తను కూడా కొన్నేళ్ళు అక్కడ పనిచేసి వచ్చిన మనిషి. ఆయన చెప్పిన పద్ధతి ఇది. డిప్లొమా ఒరిజినల్ వెనక హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వం ముద్ర, ఢిల్లీలో విదేశాంగ శాఖ ముద్ర, ఆ తర్వాత ఆ దేశపు ఎంబసీ ముద్ర పడాలి. ముందు ముద్ర లేకపోతే తర్వాతి వాడు కాగితం ముట్టుకోడు. జూన్ నెలాఖరులోగా మూడూ పడిన కాగితం కంపెనీకి అందకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది.

అన్నయ్యకి చెబితే ఒప్పుకోడు. అందుకని ఆయన బేరింగులకి గుంటూరు వెళ్ళిన రోజు ఫ్రేము దించి, కాగితం తీసుకుని రేపల్లె పాసింజరెక్కాను. సాయంత్రం ఆయన గోడకి మిగిలిన మేకు చూసి అడిగాడు. బాపట్ల ప్రిన్సిపాల్ గారు పిల్లలకి చూపించడానికి అడిగి పట్టుకెళ్ళారని చెప్పాను.  రాత్రి అన్నాలప్పటికి, నేను రహస్యంగా చెప్పుకున్న మా వదిన ద్వారా అసలు సంగతి తెలిసిపోయింది. అప్పటి నుంచి మేమిద్దరం ఒకే మిషన్ దగ్గర నిలబడి వదినతో మాట్లాడేవాళ్ళం. పదమూడో నంబరు స్పానరు ఇమ్మని నీ మరిదికి చెప్పు అని ఆయన కేకేసేవాడు. వదిన ఇంట్లో పప్పు రుబ్బుకుంటూ ఉండేది.

మే నెల మొదట్లో ఏజెంటు ఫోన్ చేసి రమ్మన్నాడు. వెళ్ళేసరికి నా సర్టిఫికెట్టు బల్ల మీద పడేసి ఉంది.

"ఇది సర్టిఫికెట్టా, పెళ్ళి శుభలేఖా?" అన్నాడు.

హైదరాబాద్‌లో కౌంటరు దగ్గరే తిప్పికొట్టారట. మూలల్లో మరకలున్నాయి, కింద ఎడమ పక్క డిప్లొమా ఇచ్చిన బోర్డు వాళ్ళ ఉబ్బెత్తు ముద్ర పసుపులో మునిగిపోయింది, దిద్దిన కాగితమేమోనని అనుమానం అన్నారట. ఇలా తెచ్చినందుకు అక్కడి గుమస్తా తనని నలుగురిలో తిట్టాడనీ, ఆ తిట్లలో సగం నాకు చెందుతాయనీ చెప్పి, ఏజెంటు ఆ సగం నాకు అప్పజెప్పాడు. శుభ్రమైన కాగితమో, కొత్త కాగితమో తెస్తే తప్ప మళ్ళీ పంపనన్నాడు.

కొత్త కాగితం కోసం బాపట్ల వెళ్ళాను. పాలిటెక్నిక్‌లో గుమస్తా నన్ను కూర్చోమనలేదు. డూప్లికేటు కావాలంటే ఒరిజినల్ పోయి ఉండాలి, పోలీసు స్టేషన్ కాగితం కావాలి, పేపర్లో ప్రకటన వెయ్యాలి, తర్వాత హైదరాబాద్‌లో బోర్డు వాళ్ళ దయ అన్నాడు. ఎన్నాళ్ళని అడిగితే దసరాకి రావచ్చన్నాడు. ఆ పండగ పేరు వినగానే నాకు ఒళ్ళు మండింది. పోయిందనే అనుకోండి అన్నాను. ఎలా పోయిందన్నాడు. ఈ ఊరి రైల్వే స్టేషన్ బయట గేదె తినేసిందని చెప్పాను. గేదె రంగు, కొమ్ముల వంపు, దాన్ని తోలుకొచ్చిన మనిషి నాతో పడ్డ గొడవ, అన్నీ వర్ణించాను. ఆయన కలం మూసి, నా చంకలో ఫైలు వైపు చూశాడు. సర్టిఫికెట్టు పసుపు మూల బయటికి కనిపిస్తోంది.

"గేదె తిని మళ్ళీ మీకే ఇచ్చేసిందాండి?" అన్నాడు.

గదిలో మిగతా ఇద్దరు గుమస్తాలూ తలెత్తి నవ్వారు. నా కథలకి ఊరంతా నవ్వాలని కోరుకునేవాణ్ణే, ఆ నవ్వు మాత్రం నాకు అక్కర్లేకపోయింది. ఫైలు చంకలోకి ఇంకా గట్టిగా నొక్కుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి, కోపంలో, తడి గుడ్డకి బట్టల సబ్బు రాసి ఒక మూల రుద్దాను. పసుపు పోలేదు. ఎర్రగా తిరిగింది. ఇంకా రుద్దితే పారాణి అయింది. ప్రభుత్వం ఇచ్చిన డిప్లొమా పెళ్ళికూతురి పాదంలా నా చేతిలో ఉంది. వదిన వచ్చి చూసి, పసుపుకి సబ్బు తగిలితే ఎరుపే కదా, ఆ మాత్రం తెలీదా అని నవ్వింది. ఆ నవ్వుకి అన్నయ్య లోపలికి వచ్చాడు. నెలన్నర తర్వాత ఆయన తిన్నగా నాతోనే మాట్లాడాడు.

"అమ్మవారి దగ్గర పెట్టిన కాగితాన్ని సబ్బుతో కడుగుతున్నావురా?"

"నువ్వు పెట్టిన పసుపు వల్లే హైదరాబాద్‌లో తిప్పికొట్టారు. నా ఉద్యోగం పోతోంది."

"పసుపుంటే గవర్నమెంటోడు కాదంటాడా? ఇది కూడా నీ కోతే. ఎంబసీ వాళ్ళు నిన్నే వద్దని ఉంటారు, అది నా మీదికి తోస్తున్నావు."

అదీ నాకు దక్కిన ఫలితం. జన్మలో నేను చెప్పిన నిజాలు బహు తక్కువ, వాటిలో ముఖ్యమైన దాన్ని ఆయన నమ్మలేదు. అయితే రా, రేపల్లె వచ్చి నీ చెవులతో విను అన్నాను. వస్తానన్నాడు. నేను అబద్ధమాడుతున్నానని నిరూపించడానికే వస్తున్నాడని ఆయన చెప్పులు వేసుకునే తీరులోనే తెలిసింది.

మర్నాడు పాసింజరులో ఎదురెదురు బెంచీల మీద కూర్చున్నాం. ఇద్దరం ఒకే కిటికీలోంచి బయటికి చూశాం.  ఒక ఆయన మధ్యలో ఎక్కి, మీ ఇద్దరూ అన్నదమ్ములా అండి అని అడిగాడు. కాదని ఇద్దరం ఒకేసారి చెప్పాం.

ఏజెంటు నాకు చెప్పిందంతా అన్నయ్యకి మళ్ళీ చెప్పాడు, తిట్లతో సహా. నేను గోడకి ఆనుకుని సుఖంగా విన్నాను. అన్నయ్య మొహం నల్లబడింది. ఆయన నా వైపు తిరగలేదు, ఏజెంటు మీదే తిరగబడ్డాడు.

"మీ ఇంట్లో కొత్త బండికి పసుపు రాయరా?" అన్నాడు.

"రాస్తామండి. ఆ బండిని ముద్ర కోసం ఢిల్లీ పంపం," అన్నాడు ఏజెంటు. సోమవారం తన మనిషి హైదరాబాద్ వెళుతున్నాడనీ, అదే ఆఖరి ట్రిప్పనీ, ఆ తర్వాత మొదలుపెట్టినా జూన్ నెలాఖరుకి అందదనీ చెప్పి కిందికి వెళ్ళిపోయాడు.

తిరుగు ప్రయాణంలో కూడా ఎదురెదురు బెంచీలే. తెనాలిలో దిగి అన్నయ్య ఇంటికి రాలేదు, తిన్నగా షాపుకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. షాపు ముందు ఆవరణలో పాత ఇంజన్లు పడి ఉంటాయి. వాటికీ ఆయుధపూజ నాడు పసుపు రాస్తాం. ఆయన వాటి చుట్టూ తిరిగి, వంగి చూసి, తనలో తను మాట్లాడుకున్నట్టు అన్నాడు: లోపలి మిషన్లకి ఏడాదంతా పసుపు ఉంటుంది, బయట వీటికి కార్తీకం నాటికి ఉండదు, ఎండ తినేస్తుంది.

ముందు ఎర్రబడ్డ మూలకి వదిన చేత దూదితో నిమ్మరసం అద్దించాడు. అది మళ్ళీ పసుపైంది. అయితే కాగితమంతా ఎండలో పెడితే ప్రిన్సిపాల్ సంతకం సిరా కూడా వెలిసిపోతుంది. దానికి ఆయన ఇంజన్ హెడ్డుకి నూనె కారకుండా వేసే, మందపాటి అట్టలాంటి గాస్కెట్ షీటు ముక్క తీశాడు. సర్టిఫికెట్టు కొలతకి కోసి, అక్షరాలూ సంతకమూ అన్నీ కప్పుతూ నాలుగు మూలలు మాత్రం బయటికి కనబడేలా చిన్న సుత్తితో అంచులు తట్టి తట్టి తీశాడు. నా డిప్లొమాకి గాస్కెట్టు తయారైంది. రేకు మీద కాగితం, దాని మీద గాస్కెట్టు, పైన అద్దం పెట్టి ఆవరణ మధ్యలో ఉంచాడు.

ఆ ఏడు మే నెల ఎండకి తెనాలి కాకులు రెక్కలు కాలతాయని రిక్షా ఎక్కి తిరిగేవి. సోమవారం దాకా ఆ ఎండలో ఆయన స్టూలేసుకుని, తల మీద తువ్వాలు వేసుకుని, గాలికీ కుక్కలకీ కాపలా కూర్చున్నాడు. గిరాకీలొస్తే రేపు రమ్మన్నాడు. నేను మజ్జిగ పట్టుకెళితే తీసుకోలేదు. అదే మజ్జిగ వదిన పట్టుకెళితే తాగాడు. నాకు మంట పుట్టి అడిగేశాను. నేను వెళ్ళడం ఇష్టం లేనివాడివి, ఈ కష్టం దేనికన్నాను.

"నువ్వు ఆగిపోతే నా పసుపు వల్లే ఆగిపోయావని ఈ ఊళ్ళో చచ్చేదాకా చెబుతావు. గేదెలూ ఏనుగులూ కలిపి చెబుతావు. ఆ కథ నాకొద్దు. పో."

 ఆ కథ మొదటి వాక్యం నేను అప్పటికే తయారు చేసి పెట్టుకున్నాను.

సోమవారం పొద్దున్న గాస్కెట్టు ఎత్తి, పొడి దూదితో దులిపితే మూలలు మిగతా కాగితం కంటే తెల్లగా ఉన్నాయి. ఉబ్బెత్తు ముద్ర వేలికి తగిలింది. సంతకం చెక్కుచెదరలేదు. అన్నయ్యే రేపల్లె వచ్చి, ఏజెంటు చేతిలో పెట్టి, సరిగ్గా చూసుకోండి, మళ్ళీ వంకలు పెట్టకండి అన్నాడు. ఏజెంటు కిటికీ వెలుగులో తిప్పి చూసి, ఇప్పుడు వెళుతుందండి అన్నాడు. మెట్లు దిగుతూ అన్నయ్య నాతో ఒక్క మాటే అన్నాడు. రేపటి నుంచి షాపుకి రావద్దు, వేరే మనిషిని పెట్టుకున్నానన్నాడు. నేను సరేనన్నాను.

మూడు ముద్రలూ పడి కాగితం జూన్‌లో వచ్చింది. నేను ఊరు వదిలే రోజు స్టేషన్‌కి వెళ్ళే రిక్షాని షాపు ముందు ఆపించాను. అన్నయ్య లేత్ దగ్గర వీపు తిప్పి నిలబడి షాఫ్టు తిప్పుతున్నాడు. నేను దిగలేదు, పిలవలేదు. రిక్షా అతను, పోనిమ్మంటారా అండి అని రెండుసార్లు అడిగాడు. మిషన్ ఆగలేదు. పోనిమ్మన్నాను.